బాండులో ఏముందో తెలుగులో చెప్పండి: బీమా నియంత్రణ సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చైర్మన్ గారికి, సభ్యులకు,

నమస్కారం. నేను విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా వినియోగదారుల కేసులు, అందులోనూ బీమా క్లెయిములు. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. పాలసీల్లో, పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారాల్లో, క్లెయిమ్ తిరస్కరించే ఉత్తరాల్లో వాడే మాటలకు మీ సంస్థ పేరుతో, మీ ముద్రతో తెలుగు వివరణ కావాలి. ఇంగ్లిషు మాట పక్కన ఒక తెలుగు మాట పెట్టి వదిలేసే జాబితా మాకు అక్కర్లేదు. ఆ మాట వల్ల చేతికొచ్చే డబ్బు ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు అసలు రాదో చిన్న లెక్కతో విప్పి చెప్పే వివరణ కావాలి. కంపెనీలు దానికి కట్టుబడి ఉండాలి.

మీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. గేటు దాటి రోడ్డు మీదికొస్తే వినపడేది తెలుగే. అయినా ఇక్కడ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాలసీ తీసుకున్న మనిషికి తన బాండులో ఏముందో క్లెయిమ్ రిజెక్ట్ అయ్యేదాకా తెలియడం లేదు. నాకు బాధ కలిగించేది అదే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన సంగతి మీకు తెలుసు. అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వెళ్లాయి. ఇళ్లలో బురద కడుక్కోవడం అయ్యాక అందరికీ బీమా కాగితాలు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఒక కిరాణా కొట్టాయన వచ్చారు. ఆయన వ్యాపారం బ్యాంకు లోను మీద నడుస్తోంది. సరుకుకు పాలసీ బ్యాంకే చేయించింది. ప్రీమియం ఆయన ఖాతాలోంచే కట్ అయింది. బాండు మాత్రం బ్యాంకు ఫైల్లో ఉండిపోయింది. కాపీ తెచ్చుకుని చూస్తే అందులో ఫైర్ విభాగం అని ఉంది. "మాది కాలలేదు కదా మేడం, మునిగింది. ఇది మనకు వర్తించదేమో" అన్నారు. అలా అనుకుని క్లెయిమ్ పెట్టకుండానే ఊరుకోబోయారు. అగ్ని బీమా అనే పాత చెట్టుకే తుఫాను, వరద, ముంపు లాంటి కొమ్మలు అతుక్కుంటూ వచ్చాయని, నీళ్లకు పోయినా పాలసీ ఆ విభాగంలోదే అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు మీరు ఒకే నమూనా పాలసీ తెచ్చారు. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని పేరు పెట్టారు. నమూనా ఒకటి చేయడం మంచి పని, అందుకు కృతజ్ఞతలు. కానీ హిందీలో ఉద్యమ్ అంటే వ్యాపారం, పరిశ్రమ. తెలుగులో ఉద్యమం అంటే ధర్నాలు, ఊరేగింపులు. ఈ పేరు చూసి ఇది తన కొట్టుకు సంబంధించినదని తెలుగు షాపు యజమాని ఎలా పోల్చుకుంటాడు?

ఆయన క్లెయిమ్ పెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. లెక్క తేలికగా ఉండటానికి అంకెల్ని గుండ్రం చేసి చెబుతాను. కొట్టులో సరుకు విలువ 20 లక్షలు. లోను 10 లక్షలు కాబట్టి బ్యాంకు బీమా కూడా 10 లక్షలకే చేయించింది. వరదలో పాడైన సరుకు 6 లక్షలు. పాలసీ 10 లక్షలది, నష్టం 6 లక్షలే, కాబట్టి మొత్తం వస్తుందని ఆయన ధీమా. వచ్చింది 3 లక్షలు. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయరు మోసం చేశాడని ఆయన, ఇంట్లో వాళ్లు గట్టిగా నమ్మారు. సర్వేయరు లెక్క సరిగ్గానే వేశాడు. ఉన్న విలువలో సగానికే బీమా ఉంటే నష్టంలోనూ సగమే ఇస్తారు. మీ నమూనా పాలసీలో 15 శాతం దాకా తేడా ఉంటే పట్టించుకోరు. ఇక్కడ తేడా 50 శాతం.

దీన్ని యావరేజ్ క్లాజు అంటారు. బళ్లో అందరం యావరేజ్ అంటే సగటు అని చదువుకున్నాం. తెలుగు చేయమని ఎవరికిచ్చినా సగటు నిబంధన అనే రాస్తారు. చదివినవాడికి ఒక్క ముక్క ఎక్కదు. నిజానికి ఈ మాట లెక్కల పుస్తకంలోంచి బీమాలోకి రాలేదు. ఓడల వ్యాపారంలోంచే లెక్కల పుస్తకంలోకి వెళ్లింది. అరబ్బీలో అవార్ అంటే సరుకుకు తగిలిన దెబ్బ, చెడిపోవడం. మధ్యధరా రేవుల్లో ఇటలీ వర్తకులు దాన్ని అవరీయా అన్నారు. తుఫానులో ఓడ మునగకుండా కొంత సరుకు సముద్రంలోకి విసిరేయాల్సి వస్తే, ఆ నష్టం సరుకు పోయినవాడొక్కడే మోసేవాడు కాదు. ఓడలో సరుకున్న వాళ్లంతా ఎవరి విలువను బట్టి వాళ్లు పంచుకునేవారు. ఆ పంపకానికే ఆ పేరు పడింది. పంపకంలోంచి సగటు అన్న అర్థం తర్వాత పుట్టింది.

ఈ కథ తెలిసినవాడికి క్లాజు చప్పున అర్థమవుతుంది. 20 లక్షల సరుకులో 10 లక్షల భారం కంపెనీది, మిగతా 10 లక్షల భారం కొట్టు యజమానిది. నష్టం వచ్చినప్పుడు ఇద్దరూ చెరి సగం మోస్తారు. "సరుకు పూర్తి విలువకు బీమా చేయించకపోతే, ఎంత తక్కువకు చేయించారో నష్టపరిహారం కూడా అంత తగ్గుతుంది" అని ఒక్క తెలుగు వాక్యం పాలసీ తీసుకున్న రోజు ఆయన చేతిలో ఉండి ఉంటే, ఇంకొంచెం ప్రీమియం కట్టి మిగతా 10 లక్షలకు కూడా బీమా చేయించుకునేవారు.

బండ్ల సంగతి ఇంకా ఘోరం. నీళ్లు తీశాక జనం చేసిన మొదటి పని బండి బయటికి లాగి స్టార్ట్ చేయడం. సహజమే కదా, పని చేస్తుందో లేదో చూడాలనిపిస్తుంది. సిలిండర్‌లోకి నీళ్లు చేరిన ఇంజన్‌ను తిప్పితే పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. కంపెనీ దృష్టిలో ఇవి రెండు నష్టాలు. వరదలో బండి తడవడం ఒకటి. తడిసిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోవడం రెండోది. ఈ రెండోదానికి కన్సీక్వెన్షియల్ లాస్ అని పేరు పెట్టి, ఇంజన్‌కు విడిగా యాడ్ ఆన్, అంటే అదనపు కవరు, తీసుకుంటే తప్ప డబ్బు ఇవ్వం అంటారు. మనవాళ్లు బండికి "ఫుల్ ఇన్సూరెన్స్" ఉందని చెబుతుంటారు. ఆ ఫుల్‌లో ఇది లేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధర కోస్తారన్నదీ ఆ మాటలో వినపడదు. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, తోసుకుంటూ లేదా లాగించుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లండి అని పాలసీ మొదటి పేజీలో తెలుగులో ఉండి ఉంటే, ఆ రోజు సింగ్‌నగర్‌లో ఎన్ని ఇంజన్లు మిగిలేవో!

ఈ మాటలు మనకు అర్థం కాకపోవడానికి జనం చదువు తక్కువ కావడం కారణం కాదు. ఇంజనీర్లు, లెక్చరర్లు కూడా నా దగ్గరికి ఇవే ప్రశ్నలతో వస్తారు. బీమా భాష పుట్టింది ఎక్కడో రేవుల్లో, అప్పటి వర్తకుల నోళ్లలో. ప్రీమియం లాటిన్‌లో బహుమానం, యుద్ధంలో దక్కిన సొమ్ము. ఇతరుల నష్టభయాన్ని నెత్తిన వేసుకున్నవాడికి ఇచ్చే ప్రతిఫలం కాబట్టి ఆ పేరు వచ్చింది. 1680ల్లో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన కాఫీ హోటల్‌లో ఓడల వాళ్లు, డబ్బున్న వాళ్లు కలిసేవారు. ఓడ వివరాలు రాసిన కాగితం కింద, ఇంత భారం నాది అని సంతకం పెట్టినవాడే అండర్‌రైటర్. పాలసీ అన్న మాటకు ప్రభుత్వ పాలసీతో బంధుత్వమే లేదు. అది గ్రీకులో రుజువు అనే అర్థమున్న మాట నుంచి ఇటాలియన్ పోలిజ్జా మీదుగా వచ్చింది. దాన్ని విధానం అని తెలుగు చేస్తే అర్థమే మారిపోతుంది. మన ఊళ్లలో జనం దాన్ని "ఎల్ఐసీ బాండు" అంటారు. చేతిలో ఉన్న రుజువు కాగితం అన్న పాత అర్థానికి పండితుల అనువాదం కంటే జనం మాటే దగ్గరగా ఉంది.

కాబట్టి నేను అచ్చ తెలుగు మాటలు కొత్తగా పుట్టించమని కోరడం లేదు. మా వృత్తిలో మాటలు చూడండి. దస్తావేజు పారశీకం, చేతితో పట్టుకునే ఆధారం. ఫిర్యాదు కూడా పారశీకమే, మొర పెట్టుకోవడం, ఆక్రందన అని అర్థం. వకీలు, జామీను అరబ్బీ నుంచి వచ్చాయి. వీలునామాలో సగం ఇంగ్లిషు విల్లు, సగం పారశీక నామా. ఇవేవీ మనకు పరాయిగా అనిపించవు. ఎందుకంటే దస్తావేజు మొత్తం తెలుగులో రాస్తారు, రాశాక చదివి వినిపిస్తారు, పక్కన సాక్షులుంటారు. మాట ఎక్కడి నుంచి వచ్చినా చుట్టూ ఉన్న వాక్యం మనదైతే మాటా మనదవుతుంది. డిడక్టిబుల్‌ను డిడక్టిబుల్ అనే రాయండి, ఇబ్బంది లేదు. దాని వెనకే, "బిల్లులో మొదటి ఇంత మొత్తం మీరే పెట్టుకోవాలి, ఆ పైది మేమిస్తాం" అని ఉండాలి.

ఆ వాక్యం లేకుండా మాట మాత్రమే ప్రయాణం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ముద్దాయి ఒక్కటి చాలు. అరబ్బీలో ముద్దఈ అంటే దావా వేసినవాడు, హక్కు కోరేవాడు. ఉర్దూలో ఈనాటికీ అదే అర్థం. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి బోనులో నిలబడ్డాడు. కోర్టులో ఈ తలకిందుల వల్ల ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు, తెలుగు అర్థం స్థిరపడిపోయింది. బీమాలో అర్థాలు ఇంకా స్థిరపడలేదు. ఏజెంటుకొకటి, కంపెనీకొకటి, కాల్ సెంటర్‌కొకటిగా ఉన్నాయి.

ఉదాహరణకు మినహాయింపు. ఫలానా జబ్బుకు పాలసీ వర్తించదు అన్నా మినహాయింపే. బిల్లులో మొదటి 25 వేలు మీరు పెట్టుకోవాలి అన్నా మినహాయింపే. కట్టిన ప్రీమియానికి ఆదాయపు పన్నులో తగ్గింపు వస్తుంది అన్నా మినహాయింపే. ఒకటి నష్టం, ఒకటి భారం, ఒకటి లాభం. ఏజెంటు "మినహాయింపులు కూడా ఉన్నాయండీ" అంటే వినేవాడు సంతోషపడతాడు.

దొంగతనం ఇంకోటి. ఇంగ్లిషు పాలసీలో బర్గ్‌లరీ వేరు, థెఫ్ట్ వేరు. తాళం పగలగొట్టో, గోడకు కన్నం వేసో, మనిషిని బెదిరించో, ఏదో రకంగా బలం వాడి లోపలికొస్తే బర్గ్‌లరీ. తలుపు తీసి ఉన్నప్పుడు వచ్చి చడీ చప్పుడు లేకుండా పట్టుకుపోతే థెఫ్ట్. తెలుగులో రెండూ దొంగతనమే. 2004లో సుప్రీంకోర్టు ఒక వ్యాపారి కేసులో, పాలసీలో బలప్రయోగం అని రాసి ఉన్నప్పుడు బలప్రయోగం జరిగి తీరాలని, మామూలు చోరీకి ఆ పాలసీ కింద పరిహారం రాదని తేల్చింది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోదాముల్లో సరుకు పెట్టుకునే వ్యాపారుల్ని అడగండి, ఈ తేడా ఎంతమందికి తెలుసో. వాళ్లకే ఇంకో సంగతి కూడా తెలియాలి. నిల్వ ఉన్న సరుకు లోపలి వేడికి దానంతట అదే అంటుకుంటే, ఆ సరుకుకు పాత తరహా అగ్ని పాలసీ వర్తించదు, విడిగా కవరు తీసుకోవాలి. మంటకు మంటకు తేడా ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

ఇక ప్రమాదం. సంస్కృతంలో ఈ మాటకు ఏమరపాటు, అజాగ్రత్త అని అర్థం. తెలుగులో అపాయం అన్నా ప్రమాదమే, యాక్సిడెంట్ అన్నా ప్రమాదమే. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మన పల్లెల్లో బ్యాంకు ఖాతా ఉన్న చాలామందికి ఉంది. పొలంలో పాము కరిచి చనిపోతే, ఆసుపత్రి కాగితాలు సరిగ్గా ఉంటే ఆ డబ్బు వస్తుంది. అదే పొలంలో గుండె ఆగి చనిపోతే రాదు. చనిపోయినవాడి భార్యకు రెండూ ఒకేలాంటి పిడుగుపాట్లు. దోమకాటు సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మలేరియా ఎక్కువగా ఉండే మొజాంబిక్‌లో ఒకాయన ఆ జ్వరంతో చనిపోతే, అది ప్రమాదవశాత్తు జరిగిన మరణం కాదని 2019లో కోర్టు చెప్పింది. తీర్పు సబబే కావచ్చు. ఆ గీత ఎక్కడుందో డబ్బు కట్టే ముందు చెప్పడమే న్యాయం.

నామినీ గురించి కొంచెం వివరంగా రాయాలి. కుటుంబాలు విడిపోయేది దీని దగ్గరే. నామినీ అంటే వారసుడు అని మనవాళ్ల నమ్మకం. ఫారం నింపేటప్పుడు "ఎవరి పేరు పెట్టమంటారు, భార్యదా, అమ్మదా" అని అడుగుతారు. ఆ పేరు పెడితే డబ్బు వాళ్లదే అయిపోతుందని అనుకుంటారు. 1983లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. భర్త పోయాడు, పాలసీలో నామినీ భార్య. తల్లి, చిన్న కొడుకు మాకూ వాటా ఉందన్నారు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, డబ్బు వారసులందరిదీ అని కోర్టు చెప్పింది. 2015లో బీమా చట్టం సెక్షన్ 39ను మార్చి తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే డబ్బు వాళ్లకే చెందుతుందన్నారు. దాని మీదా హైకోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు నామినీ యజమాని కాడని మళ్లీ స్పష్టం చేసింది. అంటే బీమా బాండు మీద నామినీ అన్న మాటకు ఒక బరువు, షేర్ల కాగితం మీద ఇంకో బరువు. ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో రెండు కాగితాలు, రెండింటి మీదా ఒకే మాట. భర్త పోయిన పదకొండో రోజు దాటకముందే అత్తాకోడళ్లు నా ఆఫీసులో చెరో కుర్చీలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడటం నేను చూశాను. వాళ్లలో దురాశ లేదు. పెట్టిన పేరుకు అర్థమేమిటో పెట్టినవాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ప్రపోజల్ ఫారం దగ్గర జరిగేది కూడా మీ దృష్టికి తేవాలి. బీమాకు మూలం పరమ విశ్వాసం అంటారు. అడిగినవీ, బీమా తీసుకునేవాడికి తెలిసిన ముఖ్యమైన విషయాలూ దాచకుండా చెప్పాలని 1766లోనే ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పులో ఉంది. న్యాయమైన సూత్రమే. కానీ ఆ విశ్వాసం మా వైపు ఎలా నడుస్తోందో చూడండి. ఏజెంటు "బీపీ, షుగర్ ఏమీ లేవు కదండీ?" అంటాడు. పాలసీ తీసుకునే ఆయన "పెద్దగా ఏం లేదు బాబూ, బిళ్ల వేసుకుంటే కంట్రోల్లోనే ఉంటుంది" అంటాడు. ఆ "పెద్దగా ఏం లేదు" ఫారంలో "నో" అవుతుంది. మన భాషలో ఆ మాటకు, ఉంది గానీ భయపడేంత కాదు అని అర్థం. ఆయన దాచలేదు. ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజు అదే "నో" ఆయన అబద్ధం చెప్పాడనడానికి రుజువుగా నిలబడుతుంది. తెలుగులో సంతకం పెట్టిన వాళ్ల ఫారం చివర, ఇందులోని విషయాలు నాకు నా భాషలో వివరించారు అని ఒక డిక్లరేషన్ ఉంటుంది. ఆ డిక్లరేషన్ కూడా చాలాసార్లు ఇంగ్లిషులోనే ఉంటుంది. మాకు వివరించారని మేమే, మాకు చదవడం రాని భాషలో సంతకం పెడుతున్నాం.

మీరు ఏమీ చేయలేదని అనను. 2024లో ముందు నుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆగే వెయిటింగ్ పీరియడ్‌ను నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. అయిదేళ్లు వరసగా పాలసీ నడిస్తే, మోసం చేశారని రుజువైతే తప్ప దాచారన్న కారణంతో ఆరోగ్య క్లెయిమ్ కొట్టేయకూడదన్నారు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కిచ్చే గడువును 30 రోజులు చేశారు. ఆరోగ్య పాలసీలకు ముఖ్యాంశాల పత్రం 2024 జనవరి 1 నుంచి కొత్త రూపంలో ఇవ్వాలని, కోరితే స్థానిక భాషలో కూడా ఇవ్వాలని రాశారు. ఆ "కోరితే" దగ్గరే నా అభ్యంతరం. కోరవచ్చని జనానికి తెలియదు. కోరవచ్చని చెప్పే కాగితం కూడా ఇంగ్లిషులోనే ఉంది. వెనక్కిచ్చే 30 రోజుల గడువు బాండు చదవలేనివాడికి ఎందుకు పనికొస్తుంది?

తెలుగులో రాస్తే చట్టానికి కావలసిన కచ్చితత్వం పోతుందని కొందరు అంటారు. మా గవర్నర్‌పేటలో కోర్టుల చుట్టూ ఒకసారి తిరిగి చూడమనండి. కోట్ల విలువ చేసే పొలాలు, స్థలాలు తెలుగు దస్తావేజుల మీద చేతులు మారుతున్నాయి. తెలుగు వీలునామాల మీద, తెలుగు ప్రామిసరీ నోట్ల మీద కోర్టులు తీర్పులిస్తున్నాయి. హద్దులు, హక్కులు, షరతులు, మినహాయించిన బావి, దారి, అన్నీ తెలుగులోనే కచ్చితంగా రాస్తున్నారు. భూమికి సరిపోయిన భాష బీమాకు సరిపోదా?

కంపెనీలు ఇచ్చే కొద్దిపాటి తెలుగు కరపత్రాల కింద కూడా, తేడా వస్తే ఇంగ్లిషు ప్రతే చెల్లుతుంది అనే వాక్యం ఒకటి కనిపిస్తుంది. దాన్ని తీసేయించండి. మాటలో స్పష్టత లేకపోతే, రాసినవాడికి వ్యతిరేకంగానే అర్థం చెప్పాలన్నది కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. 2004లోనే ఇంకో కేసు. ప్రింటింగ్ ప్రెస్సు పక్కన రోడ్డు మీద బుల్డోజర్ నడిస్తే ఆ అదురుకు భవనం, మెషీన్లు దెబ్బతిన్నాయి. పాలసీలో వాహనం వల్ల ఇంపాక్ట్ అని ఉంది. వాహనం వచ్చి గుద్దాలి, అదిరితే చాలదు అని కంపెనీ వాదించింది. ఆ మాటకు రెండు అర్థాలకూ చోటుంది కాబట్టి పాలసీదారుకు మేలు చేసే అర్థమే తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రక్షణ ఇంగ్లిషు చదివేవాడికి ఉంది. తెలుగు ప్రతికి విలువ లేదని ముందే రాయించుకుంటే తెలుగు చదివేవాడికి ఆ రక్షణ పోతుంది.

బీమా అన్న మాటకు మూలం పారశీకంలో భయం అనే అర్థమున్న బీమ్ అంటారు. మన భయం, ఆ బీమ్ పాత రోజుల్లో ఒకే మూలంలోంచి చీలినవే. భయానికి విరుగుడు అభయం. మన తీరంలోనే, చీరాల దాటాక ఉన్న మోటుపల్లిలో, కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఒక అభయ శాసనం వేయించాడు. గాలివానకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారని, తాను నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ప్రకటించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా రాతి మీద చెక్కించాడు. ఓడ దిగిన వర్తకుడు తనకు ఏం దక్కుతుందో, ఏం పోతుందో రేవులోనే తెలుసుకునే ఏర్పాటు అది. మీ సంస్థ ఏర్పడిన 1999 చట్టం సెక్షన్ 14 పాలసీదారుల ప్రయోజనాలు కాపాడటం మీ విధి అని చెబుతోంది. మేమడిగేది ఆ విధిలోనిదే.

కాబట్టి ముఖ్యాంశాల పత్రాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమ్మే ప్రతి పాలసీకీ అడగకుండానే తెలుగులో ఇప్పించండి, ఇంగ్లిషు కావాలన్నవాళ్లు కోరుకుంటారు. క్లెయిమ్ తిరస్కరించే ఉత్తరంలో ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో తెలుగులో రాయించండి. ఏడాది లోపు, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చని, ఆ కార్యాలయం హైదరాబాదులో ఉందని, ఫీజు లేదని అదే ఉత్తరంలో ఉండాలి. మాటల వివరణ తయారు చేయడానికి ప్రొఫెసర్లను మాత్రమే కూర్చోబెట్టకండి. వాళ్లు ఉండాలి, కానీ వాళ్ల పక్కన సర్వేయర్లు, ఇరవై ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగిన ఏజెంట్లు, దస్తావేజు లేఖరులు, ఆసుపత్రుల్లో ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర కూర్చునే అమ్మాయిలు, క్లెయిమ్ పోగొట్టుకున్న వాళ్లు ఉండాలి. ఏ మాట చెబితే మనిషికి అర్థమవుతుందో, ఏది చెబితే తల ఊపి సంతకం పెట్టేస్తాడో వాళ్లకు బాగా తెలుసు.

మొత్తం ఒకేసారి కాకపోయినా, యావరేజ్, డిడక్టిబుల్, కన్సీక్వెన్షియల్ లాస్, బర్గ్‌లరీ, యాక్సిడెంట్, నామినీ, ముందు నుంచి ఉన్న జబ్బు, వీటితో మొదలుపెట్టండి. ముసాయిదాను తెలుగులో బయట పెట్టి అభిప్రాయాలకు గడువు ఇవ్వండి. ఒక విచారణ విజయవాడలో, ఒకటి గుంటూరులో పెట్టండి. సింగ్‌నగర్ నుంచి, మిర్చి యార్డు నుంచి తమ కాగితాలతో వచ్చేవాళ్లను నేను తీసుకొస్తాను. ఆ వివరణ వాళ్లకు చదివి వినిపించి, అర్థమైందన్న తర్వాతే ఖరారు చేయండి.

భవదీయురాలు,
ఒక న్యాయవాది
గవర్నర్‌పేట, విజయవాడ